మెగ్నీషియం ఆగాలి, లిథియం దాటాలి

పాలిమర్ పొరలతో లిథియం వేరుచేయడంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: లిథియం అయాను చిన్నది. మెగ్నీషియం అయాను కూడా దాదాపు అంతే ఉంటుందని పుస్తకాల్లో ఉంది. మరి పొర దేన్ని చూసి ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని ఆపుతుంది? అసలు పొర దాకా ఎందుకు, ఉప్పుసరస్సు ద్రవంలో సున్నం వేసి మెగ్నీషియాన్ని కిందికి దించేస్తే పోదా?
– కెమిస్ట్రీ అధ్యాపకురాలు, తెనాలి

జవాబు: మీ రెండో ప్రశ్న ముందు తీసుకుందాం. పొర అవసరం ఎక్కడ పుట్టిందో అందులోనే తేలిపోతుంది.

చిలీలోని అటకామా ఉప్పుమైదానం కింద దొరికే ద్రవంలో ఒక వంతు లిథియానికి సుమారు ఆరు వంతుల మెగ్నీషియం ఉంటుంది. బొలీవియాలోని ఉయునిలో ఆ నిష్పత్తి ఇరవైకి దగ్గర. చైనాలో ఛింగ్‌హై ప్రాంతపు ఛైదాం ఉప్పుసరస్సుల్లో పదుల్లో మొదలై కొన్నిచోట్ల వెయ్యి దాటుతుంది. ఇప్పుడు ఇరవై నిష్పత్తి పట్టుకుని లెక్క వేయండి. ఒక కిలో లిథియాన్ని కార్బొనేట్‌గా దించడానికి 7.6 కిలోల సోడా (సోడియం కార్బొనేట్) చాలు. దానితోపాటు ఉన్న 20 కిలోల మెగ్నీషియం కూడా సోడానే తింటుంది: కిలోకు 4.36 చొప్పున 87 కిలోలు. అంటే సరుకు కోసం ఏడున్నర, మలినం కోసం ఎనభై ఏడు. పోనీ తడి సున్నంతో దించుదామంటే 61 కిలోల సున్నం కావాలి. దిగేది 48 కిలోల మెగ్నీషియం హైడ్రాక్సైడ్, అదీ ఎండు బరువు లెక్కన. నిజానికది గంజిలా జిగురుగా ఉంటుంది. ఫిల్టర్ గుడ్డ మీద సరిగా వడకట్టుకోదు, ఆ ముద్దలో ఇరుక్కున్న ద్రవంతోపాటు లిథియం కూడా బయటికి పోతుంది. పైగా మెగ్నీషియం స్థానంలోకి వచ్చిన కాల్షియాన్ని తీయడానికి మళ్లీ సోడా వేయాలి. నిష్పత్తి అయిదారు దాకా ఉన్నచోట ఈ పద్ధతి నడుస్తోంది. అంతకు పైన లెక్క కుదరదు.

ఇక మొదటి ప్రశ్న. నీరు లేని స్థితిలో లిథియం అయాను వ్యాసార్థం 0.076 నానోమీటర్లు, మెగ్నీషియానిది 0.072. మీరన్నట్టు కొలతలో తేడా ఏమీ లేదు. కానీ నీటిలో ఏ అయానూ ఒంటరిగా తిరగదు. నీటి అణువుల్ని చుట్టూ కప్పుకుంటుంది. అలా కప్పుకున్నాక లిథియం వ్యాసార్థం 0.38 నానోమీటర్లు, మెగ్నీషియానిది 0.43. ఈ పనికి వాడే నానోఫిల్ట్రేషన్ పొర, అంటే ఒత్తిడితో నీటిని అతి సన్నని సందుల్లోంచి వడకట్టే పాలిమర్ పొర. అందులోని సందుల వ్యాసార్థం కూడా 0.3 నుంచి 0.5 మధ్యే ఉంటుంది. కాబట్టి లోపలికి రావాలంటే ఆ నీటి కప్పులో కొంత వదలక తప్పదు. లిథియం కప్పుకున్న నీళ్లు భుజాన వేసుకున్న కండువాలాంటివి, ఇరుకు గుమ్మం దగ్గర తీసేయవచ్చు. మెగ్నీషియం నీళ్లు బిగించి చుట్టిన తలపాగా. మొత్తం నీటిని ఊడదీయడానికి లిథియానికి మోల్‌కు దాదాపు 515 కిలోజౌళ్లు పడితే, మెగ్నీషియానికి 1,900కు పైనే కావాలి. దీనికి తోడు మెగ్నీషియం మీద ఆవేశం రెట్టింపు. పొర మీద ధనావేశం ఉంటే అది మెగ్నీషియాన్ని లిథియంకన్నా చాలా గట్టిగా తోసేస్తుంది. ఈ వికర్షణకు డోనన్ నిరోధం అని పేరు. కొలత, నీటి కప్పు, ఆవేశం ఈ మూడూ కలిస్తేనే వేర్పాటు జరుగుతుంది. కొలత ఒక్కదాన్నే నమ్ముకున్న పొర ఈ పనికి చాలదు.

ప్రశ్న: పైపరజీన్, ట్రైమెసోయిల్ క్లోరైడ్ వాడి పొరలు చేస్తున్నాం. ఒక్క మెగ్నీషియం క్లోరైడ్ పోస్తే 80 శాతం దాకా ఆపుతోంది, ఒక్క లిథియం క్లోరైడ్ పోస్తే 30 శాతం. రెండూ కలిపి పోస్తే వేర్పాటు మేం వేసుకున్న లెక్కకు రావడం లేదు. ఒక్కోసారి లిథియం రిజెక్షన్ (పొర ఆపే శాతం) మైనస్‌లో వస్తోంది. పరికరం తప్పా, మా చేతి తప్పా?
– పరిశోధక విద్యార్థి, వరంగల్

జవాబు: మైనస్ రావడం తప్పు కాదు. మిశ్రమ లవణాల్లో అది సహజం, నిజానికి మీకు మేలు కూడా. పొర దాటిన నీటిలో ధన, రుణ ఆవేశాలు సరిసమానంగా ఉండి తీరాలి. క్లోరైడ్ దాటుతుంటే దానికి జతగా ఏదో ఒక ధన అయాను వెళ్లాలి. మెగ్నీషియాన్ని పొర ఆపేసింది కాబట్టి ఆ భారం లిథియం మీద పడుతుంది. అందువల్ల దాటిన నీటిలో లిథియం గాఢత పోసిన నీటిలోకన్నా ఎక్కువైపోతుంది. అందుకే ఒక్కో లవణంతో వచ్చిన రెండు అంకెల్ని భాగించి ‘వేర్పాటు ఇంత’ అని రాయడం మానేయండి. ఆ అంకె మిశ్రమంలో ఏం జరుగుతుందో చెప్పదు. పత్రికల్లో వచ్చే ఫలితాల్లోనూ ముందు చూడాల్సింది ఇదే: పరీక్ష మిశ్రమంతో చేశారా, విడి లవణాలతోనా?

పరీక్ష ద్రావణం ఇలా కలపండి. లీటరుకు మొత్తం 2 గ్రాముల లవణం, మెగ్నీషియం–లిథియం బరువు నిష్పత్తి 20 కావాలంటే: లిథియం క్లోరైడ్ 0.145 గ్రాములు, మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 3.96 గ్రాములు. ఇందులో లిథియం 23.7, మెగ్నీషియం 474 మిల్లీగ్రాములు ఉంటాయి. లిథియం క్లోరైడ్ గాలిలో తేమను పీల్చి సీసాలోనే ముద్దవుతుంది. 110–120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి డెసికేటర్‌లో చల్లార్చి తూచాలి. అదే పద్ధతిని మెగ్నీషియం లవణానికి వర్తింపజేయకండి. హెక్సాహైడ్రేట్‌ను వేడిచేస్తే నీటితోపాటు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా పోయి ఆక్సీక్లోరైడ్ మిగులుతుంది. దాన్ని సీసాలోంచి తీసి నేరుగా తూచి, కలిపిన ద్రావణాన్ని టైట్రేషన్‌తో సరిచూసుకోవాలి.

టైట్రేషన్‌లోనూ ఒక ఇబ్బంది ఉంది. పోసిన ద్రావణం 10 మిల్లీలీటర్లకు మెగ్నీషియాన్ని పట్టుకునే 0.01 మోలార్ ఈడీటీఏ 19.5 మిల్లీలీటర్లు పడుతుంది. పీహెచ్ 10 బఫర్, ఎరియోక్రోమ్ బ్లాక్–టీతో ముగింపు స్పష్టంగా తెలుస్తుంది. కానీ పొర దాటిన నీటిలో మెగ్నీషియం లీటరుకు 24 మిల్లీగ్రాములే ఉంటే అదే 10 మిల్లీలీటర్లకు ఒక మిల్లీలీటరు కూడా పట్టదు. ఒక చుక్క తేడా వచ్చినా ఫలితం అయిదు శాతం మారిపోతుంది. అక్కడ 50 మిల్లీలీటర్ల నమూనా తీసుకోండి, లేదా లోహాల జాడల్ని కొలిచే ఐసీపీ పరికరంలో చూడండి. లిథియానికి ఫ్లేమ్ ఫొటోమీటర్ సరిపోతుంది, కాంతి 671 నానోమీటర్ల దగ్గర. కాకపోతే ప్రామాణిక ద్రావణాల్లో కూడా నమూనాలో ఉన్నంత మెగ్నీషియం కలపాలి. నమూనాల్ని గాజులో కాకుండా ప్లాస్టిక్ సీసాల్లో దాచాలి.

ఒక ఉదాహరణతో లెక్క చూడండి. దాటిన నీటిలో లిథియం 26, మెగ్నీషియం 24 మిల్లీగ్రాములు వచ్చాయనుకుందాం. లిథియం రిజెక్షన్ మైనస్ 10 శాతం, మెగ్నీషియానిది 95 శాతం. నిష్పత్తి 20 నుంచి 0.92కు దిగింది, అంటే వేర్పాటు గుణకం దాదాపు 22. ఇక్కడితో ఆగకుండా ఆవేశాల పద్దు కూడా సరిచూడండి. లిథియాన్ని 6.94తో, మెగ్నీషియాన్ని 12.15తో భాగించి కూడితే లీటరుకు 5.7 మిల్లీ ఈక్వివలెంట్లు వస్తాయి. అంటే క్లోరైడ్ దాదాపు 203 మిల్లీగ్రాములు ఉండాలి. వెండి నైట్రేట్‌తో కొలిచిన క్లోరైడ్ దీనికి దగ్గరగా లేకపోతే మీ మూడు కొలతల్లో ఒకటి తప్పు. ఎన్నో ‘అద్భుత’ ఫలితాలు ఈ ఒక్క పద్దు వేస్తే నిలవవు.

ఇక పొర సంగతి. మీరు చేస్తున్న పద్ధతి సాధారణంగా ఇది: పాలీసల్ఫోన్ ఆధారపు పొర మీద నీటిలో 1 శాతం పైపరజీన్ ద్రావణాన్ని రెండు నిమిషాలు ఉంచడం, మిగులు తీసేయడం, హెక్సేన్‌లో 0.1 శాతం ట్రైమెసోయిల్ క్లోరైడ్‌ను ఒక నిమిషం పోయడం, 60 డిగ్రీల దగ్గర అయిదు నుంచి పది నిమిషాలు ఆరబెట్టడం. ఈ రెండు ద్రావణాలు కలిసే సరిహద్దులోనే పాలీఅమైడ్ పలుచని చర్మంలా కడుతుంది. ఇందులో చర్యలో పాల్గొనకుండా మిగిలిపోయిన ఆసిల్ క్లోరైడ్ గుంపులు నీటితో కలిసి కార్బాక్సిల్ ఆమ్లాలుగా మారతాయి. మామూలు పీహెచ్ దగ్గర వాటివల్ల పొరకు రుణావేశం వస్తుంది. రుణావేశం ఉన్న పొర సల్ఫేట్‌ను బాగా ఆపుతుంది, కానీ రెండు ధనావేశాలున్న మెగ్నీషియాన్ని తనవైపు లాక్కుంటుంది. మీకు కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

అందుకే పైపరజీన్ బదులు, లేదా దాని పైన రెండో పూతగా, కొమ్మలున్న పాలీఇథిలీన్ఇమైన్ వాడతారు. 0.5 నుంచి 1 శాతం ద్రావణంతో మొదలుపెట్టండి. మిగిలిపోయిన అమైన్లు ప్రోటాన్లు తీసుకుని పొరకు ధనావేశం ఇస్తాయి. దీనికీ ఖర్చు ఉంది. పెద్ద అణువు కావడంతో అది హెక్సేన్ వైపు నెమ్మదిగా కదులుతుంది, చర్మం సమంగా కట్టదు. గాఢత పెంచితే నీటి ప్రవాహం పడిపోతుంది. ప్రవాహం, వేర్పాటు రెండూ ఒకేసారి పెరిగాయంటే సంతోషించే ముందు సూదిరంధ్రాలు లేవని నిర్ధారించుకోండి. ఒక ముక్కను పక్కకు తీసి దానిమీద కాంగో రెడ్ అనే ఎర్ర రంగు ద్రావణం నడిపితే చాలు. దాటిన నీటిలో ఎర్రదనం కనిపిస్తే ఆ షీటును పారేయాలి.

మా అనుభవంలో లోపాలు ఎక్కువగా పుట్టేది రసాయనాల్లో కాదు, రెండు ద్రావణాల మధ్య ఉండే ఆ అర నిమిషంలో. అమైన్ ద్రావణాన్ని రబ్బరు రోలర్‌తో తుడిచాక ఉపరితలం మీద మెరిసే నీటి బొట్టు ఒక్కటి కూడా ఉండకూడదు. ఉన్నచోట చర్మం ఆధారానికి అతుక్కోక బుడగలా లేస్తుంది, ఒత్తిడి పెట్టగానే చిరుగుతుంది. మరీ ఆరిపోతే అమైన్ చాలక ఖాళీలు పడతాయి. ట్రైమెసోయిల్ క్లోరైడ్ తేమకు విరిగిపోతుంది. హెక్సేన్‌లో వేసినప్పుడు ద్రావణం తేటగా ఉండాలి. తెల్లని మడ్డి మిగిలితే ఆ సీసా పాడైనట్టే, వడకట్టి వాడుకుందామని చూడకండి. ఓవెన్‌లో ఎక్కువసేపు ఉంచితే ఆధారపు రంధ్రాలు ముడుచుకుని ప్రవాహం శాశ్వతంగా తగ్గుతుంది. హెక్సేన్ ఆవిరి పూర్తిగా పోయేదాకా షీటును ఫ్యూమ్ హుడ్‌లోనే ఉంచి ఆ తర్వాతే ఓవెన్‌లో పెట్టాలి. లేకపోతే నిప్పంటుకుంటుంది.

పరీక్షకు ముందు, పరీక్ష ఒత్తిడికన్నా రెండు బార్లు ఎక్కువ పెట్టి కనీసం ఒక గంట నడపండి, పొర కుదురుకుంటుంది. కలియబెట్టే గిన్నె రకం పరికరమైతే పోసిన ద్రావణంలో పదో వంతుకు మించి దాటనీయకండి. అంతకు మించితే లోపలి గాఢతే మారిపోతుంది. మూడుసార్లు కొలవడమంటే ఒకే షీటులోంచి మూడు ముక్కలు కోయడం కాదు, మూడు వేర్వేరు రోజుల్లో పోసిన షీట్లు.

చివరిగా, ఎక్కువమంది దాటేసే విషయం ఒకటి. లీటరుకు 2 గ్రాముల లవణం ఉన్న నీటిలో పొర మీది ఆవేశం ప్రభావం 1.2 నానోమీటర్ల దూరం దాకా చేరుతుంది. అంటే సందు మొత్తాన్నీ ఆవరిస్తుంది. నిజమైన ఉప్పుసరస్సు ద్రవంలో లీటరుకు 300 గ్రాములు దాటి లవణం ఉంటుంది. అక్కడ ఆ ప్రభావం 0.2 నానోమీటర్లు కూడా ఉండదు. ఆవేశం ఉన్నా లేనట్టే. పలుచని నీటిలో 22 వచ్చిన గుణకం చిక్కని ద్రవంలో సగానికి, ఇంకా కిందికి పడిపోవడానికి కారణం ఇదే. నీటిని పొర దాటించాలంటే జయించాల్సిన ఓస్మోటిక్ ఒత్తిడి కూడా వందల బార్లకు చేరుతుంది, మామూలు నానోఫిల్ట్రేషన్ ఎలిమెంట్లు 41 బార్లకు మించి తట్టుకోవు. కాబట్టి కర్మాగారాల్లో ద్రవాన్ని మంచినీటితో పలచన చేసి పొరకు పంపుతారు. ఎడారిలో ఆ మంచినీరు ఎక్కడినుంచి వస్తుందన్నది అటకామాలో చిన్న ప్రశ్న కాదు. మీ పరిశోధనలో కనీసం మూడు గాఢతల దగ్గర, ఉదాహరణకు 2, 20, 80 గ్రాముల దగ్గర, ఫలితాలు ఇస్తే చదివేవారికి నిజంగా ఉపయోగం.

ప్రశ్న: ఇంట్లో వాడే ఆర్వో పొరతో లిథియం వేరుచేయవచ్చా?
– ఇంటర్ విద్యార్థి, నల్గొండ

జవాబు: వేరుచేయలేం. ఆర్వో పొర నీటిని వదిలి దాదాపు అన్ని లవణాల్నీ ఆపుతుంది, లిథియంతో సహా. కానీ దానికి వేరే పని ఉంది. నానోఫిల్ట్రేషన్ మెగ్నీషియాన్ని తీసేశాక మిగిలే పలుచని లిథియం నీటిని చిక్కబరచడానికి ఆర్వోనే వాడతారు. ఆ చిక్కదనం లేకపోతే సోడా వేసినా ఏమీ దిగదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 13.3 గ్రాముల లిథియం కార్బొనేట్ కరిగే ఉంటుంది, అంటే 2.5 గ్రాముల లిథియం. లీటరుకు పాతిక మిల్లీగ్రాములున్న నీటికి సోడా వేయడం వృథా. ఇంకో విశేషం, ఈ లవణం వేడినీటిలో తక్కువ కరుగుతుంది, 100 డిగ్రీల దగ్గర 7.2 గ్రాములే. అందుకే బాగా చిక్కబరచిన ద్రవాన్ని 80–90 డిగ్రీల దగ్గర ఉంచి సోడా కలుపుతారు.

ప్రశ్న: మాకు ఉప్పు మడులున్నాయి. ఉప్పు తీశాక మిగిలే చేదునీటిని బయటికి వదిలేస్తున్నాం. అందులో లిథియం ఉందని, పొరలతో తీయవచ్చని ఒక ఏజెంటు చెబుతున్నాడు. పరికరాలకు డబ్బు పెట్టవచ్చా?
– ఉప్పు రైతు, చినగంజాం

జవాబు: పెట్టవద్దండి. లెక్క చెబుతాం, ఆ ఏజెంటుకు చూపించండి.

సముద్రపు నీటి లీటరులో లిథియం 0.17 మిల్లీగ్రాములు, మెగ్నీషియం సుమారు 1,290 మిల్లీగ్రాములు. ఉప్పు దిగి 29–30 బామే డిగ్రీల చిక్కదనానికి వచ్చేసరికి ఆ నీరు ముప్పయ్యో వంతుకు ఇంకిపోతుంది. అంటే మీ చేదునీటి లీటరులో లిథియం దాదాపు 5 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 40 గ్రాముల దరిదాపు. ఒక్క గ్రాము కూడా చేజారకుండా పట్టుకున్నా కిలో లిథియానికి రెండు లక్షల లీటర్ల చేదునీరు కావాలి. దానితోపాటు 8 టన్నుల మెగ్నీషియాన్ని వదిలించుకోవాలి. నిష్పత్తి 7,500కు పైన. వరంగల్ విద్యార్థికి ఇచ్చిన జవాబులో చెప్పినట్టు, నిష్పత్తిని 22 రెట్లు తగ్గించే మంచి పొరను వరసగా రెండుసార్లు వాడినా నిష్పత్తి 15 దగ్గరే ఆగుతుంది. అదీ పలచన చేస్తేనే, ఇంత చిక్కని ద్రవంలో ఆ గుణకం రాదు. ఒక్కో దశలో కొంత లిథియం వెనకే ఉండిపోతుంది కూడా.

అలాగని మీ చేదునీరు పనికిరానిది కాదు. అందులో మెగ్నీషియం, పొటాషియం, బ్రోమిన్ ఉన్నాయి. లీటరుకు గ్రాముల లెక్కన ఉన్నవాటిని వదిలి మిల్లీగ్రాముల వెంట పడటం ఎందుకు? గుజరాత్‌లోని భావనగర్‌లో 1954 నుంచి పనిచేస్తున్న కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ చేదునీటి నుంచి పొటాష్, మెగ్నీషియం లవణాలు తీసే పద్ధతుల మీదే ఏళ్లుగా పనిచేస్తోంది. ఒక్క రైతుగా కాకుండా నౌపడ, చినగంజాం వంటి చోట్ల రైతు సంఘాలుగా వెళ్లి అడగదగింది అక్కడ. ఏజెంటుకు ఒకే మాట చెప్పండి: ముందు మా చేదునీటి నమూనా తీసుకెళ్లి, గుర్తింపు పొందిన ప్రయోగశాలలో లిథియం, మెగ్నీషియం రెండూ కొలిపించి కాగితం తీసుకురా. ఒక్క లిథియం అంకె ఉన్న కాగితం తెస్తే తీసుకోకండి.

ప్రశ్న: నానోఫిల్ట్రేషన్, ఎలక్ట్రోడయాలసిస్... రెంటిలో ఏది మేలు?
– కెమికల్ ఇంజినీర్, విశాఖపట్నం

జవాబు: ద్రవం ఎంత చిక్కగా ఉందన్నదాన్ని బట్టి. ఎలక్ట్రోడయాలసిస్‌లో ఒత్తిడి బదులు విద్యుత్తు అయాన్లను లాగుతుంది కాబట్టి ఓస్మోటిక్ ఒత్తిడి అడ్డు రాదు. ఇందులో వాడే ఏకావేశ ఎంపిక పొరలు (ఒక్క ఆవేశమే ఉన్న అయాన్లను వదిలి, రెండున్నవాటిని ఆపేవి) కొత్తవి కావు. జపాన్‌లో 1970ల మొదట్లో ఉప్పు మడుల్ని మూసేసి సముద్రపు నీటిని ఎలక్ట్రోడయాలసిస్‌తో చిక్కబరచడం మొదలుపెట్టినప్పుడు, కాల్షియం, మెగ్నీషియం, సల్ఫేట్ రాకుండా సోడియం, క్లోరైడ్ మాత్రమే దాటడానికి వాటిని తీర్చిదిద్దారు. సల్ఫోనిక్ గుంపులున్న పొర మీద పలుచని ధనావేశ పూత వేస్తే మెగ్నీషియం వెనక్కి పోతుంది. అదే ఉపాయాన్ని ఇప్పుడు లిథియానికి వాడుతున్నారు. ఛైదాంలోని తూర్పు తైజినార్ సరస్సు దగ్గర ఈ పద్ధతి పారిశ్రామిక స్థాయిలోనే నడిచింది.

దీని బలహీనత సోడియం. అదీ ఏకావేశమే, లిథియంతో సమానంగా దాటుతుంది. ఒక కిలో లిథియాన్ని దాటించడానికి 3,860 ఆంపియర్–గంటలు కావాలి. ఒక్కో పొరల జతకు అర వోల్టు అనుకుంటే 2 యూనిట్ల కరెంటు కూడా కాదు, చవకే. కానీ మోల్స్ లెక్కన లిథియంకన్నా సోడియం ఇరవై రెట్లుంటే కరెంటులో ఎక్కువ భాగం సోడియాన్నే మోస్తుంది, బిల్లు దాదాపు ఇరవై రెట్లవుతుంది. అందుకే ముందు ఎండలో ఇంకబెట్టి సోడియం, పొటాషియం లవణాల్ని స్ఫటికాలుగా దించేసి, లిథియంతోపాటు మెగ్నీషియం మాత్రమే మిగిలిన దశలో ఎలక్ట్రోడయాలసిస్‌కు పంపాలి. ఆ వరస తలకిందులు చేస్తే ఏ పొరా మిమ్మల్ని కాపాడదు.

నడపడంలో జాగ్రత్త ఒకటే ముఖ్యం. పరిమితి కరెంటును (పొర దగ్గరి అయాన్లు మోయగల గరిష్ఠ కరెంటు) ముందు కొలిచి దానిలో 80 శాతం దాటకండి. దాటితే పొర దగ్గర నీరే విడిపోయి పీహెచ్ పెరుగుతుంది, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ తెల్లగా పేరుకుంటుంది. వోల్టేజి మెల్లగా పెరుగుతూ కరెంటు తగ్గుతోందంటే అదే జరుగుతున్నట్టు. వెంటనే ఆపి పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగాలి. కాథోడ్ గదిలోకి మెగ్నీషియం అసలే రాకూడదు, అక్కడ సోడియం సల్ఫేట్ ద్రావణాన్ని విడిగా తిప్పండి.

ప్రశ్న: ఉంగరం ఆకారపు అణువులైన క్రౌన్ ఈథర్లు లిథియాన్ని పట్టుకుంటాయి కదా. వాటిని పాలిమర్‌లో కలిపితే సోడియం సమస్య కూడా తీరుతుందా?
– పీహెచ్‌డీ విద్యార్థిని, డల్లాస్

జవాబు: మీ రాష్ట్రంలోనే దీనికి మంచి జవాబు దొరికింది. 1987లో నోబెల్ పొందిన ముగ్గురిలో ఒకరైన చార్లెస్ పెడర్సన్ కనిపెట్టిన క్రౌన్ ఈథర్లలో 12–క్రౌన్–4 ఉంగరం లిథియానికి సరిపోయే కొలత. దాన్ని పాలిమర్ గొలుసుకు తగిలిస్తే లిథియం ఒక ఉంగరం నుంచి ఇంకో ఉంగరానికి గెంతుతూ వేగంగా దాటుతుందని చాలామంది ఊహించారు. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం, శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి 2021లో వెలువరించిన పనిలో లిథియం సోడియంకన్నా 2.3 రెట్లు సులువుగా దాటింది. కానీ కారణం ఊహించినదానికి తలకిందులు. నీటితో ఉబ్బిన ఆ పాలిమర్‌లో ఉంగరాలు సోడియాన్నే గట్టిగా పట్టుకున్నాయి. అలా పట్టుబడ్డ సోడియం నెమ్మదించింది. నీటి కప్పును వదలని లిథియం పట్టుబడకుండా ముందుకు పోయింది.

ఇందులో మీరు గమనించాల్సింది ఇది: ఒక అయానును గట్టిగా పట్టుకునే గుంపు ఆ అయానుకు దారి కాదు, ఉచ్చు. పట్టు, కదలిక రెండూ కలిసి దాటే వేగాన్ని తేలుస్తాయి. మామూలు పాలిమర్లలో సోడియమే లిథియంకన్నా త్వరగా దాటుతుంది కాబట్టి 2.3 చిన్న అంకెలా కనిపించినా వరస తారుమారు కావడం పెద్ద విషయం. అయినా ఒక్క దశలో 2.3తో కర్మాగారం నడవదు. మీ పనిలో ద్రావణీయతను, వ్యాపనాన్ని విడివిడిగా కొలవండి. మొత్తం దాటే వేగం ఒక్కటే కొలిస్తే ఇలాంటి కారణం ఎప్పటికీ బయటపడదు.

ప్రశ్న: పాత బ్యాటరీల నల్లపొడిని (ఎలక్ట్రోడ్ల పొడి) సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కరిగిస్తున్నాం. నికెల్, కోబాల్ట్, మాంగనీస్ నుంచి లిథియాన్ని నానోఫిల్ట్రేషన్‌తో ముందే తీయాలని చూస్తే లిథియం కూడా సగానికి పైగా ఆగిపోతోంది, పొర నెల తిరక్కుండా పాడవుతోంది.
– చిన్న పరిశ్రమ నిర్వాహకుడు, హైదరాబాద్

జవాబు: ముందే తీయాలన్న మీ ఆలోచన సరైనది. కాస్టిక్ సోడాతో లోహాల్ని ఒక్కొక్కటే దించుకుంటూ పోతే చివరికి లిథియం సోడియం సల్ఫేట్ సముద్రంలో మిగులుతుంది. అప్పుడు ఏ పొరా పెద్దగా సాయపడదు.

లిథియం ఆగిపోవడానికి కారణం సల్ఫేట్. మీ ద్రవంలో రుణ అయాను అదొక్కటే. మామూలు నానోఫిల్టర్ సల్ఫేట్‌ను గట్టిగా ఆపుతుంది. జత లేకుండా లిథియం దాటలేదు. క్లోరైడ్ ద్రావణంతో కంపెనీ చూపించిన అంకెలు మీకు వర్తించవు. ఉపాయం పీహెచ్‌లో ఉంది. 2కు కిందికి వెళ్తే సల్ఫేట్‌లో సగానికి పైగా ఒకే రుణావేశమున్న బైసల్ఫేట్‌గా మారుతుంది, అది సులువుగా దాటుతుంది. పైగా ఆ పీహెచ్ దగ్గర పాలీఅమైడ్ పొర ధనావేశం తెచ్చుకుని నికెల్, కోబాల్ట్‌లను ఇంకా గట్టిగా ఆపుతుంది. కాబట్టి ఆమ్లాన్ని ముందే తటస్థం చేయకండి, 1.5 దగ్గర నడపండి. అయితే మామూలు పాలీఅమైడ్ ఎలిమెంట్లు ఎక్కువకాలం నడపడానికి పీహెచ్ 2 లేదా 3 కింది హద్దు. ఆమ్లాన్ని తట్టుకునే రకమని కంపెనీ కాగితం మీద రాసి ఇచ్చిన పొరనే కొనండి.

నెలకే పాడవడానికి మొదటి అనుమానం మిగిలిపోయిన పెరాక్సైడ్ మీద. ఇనుము, రాగి జాడలున్న ఆమ్లద్రవంలో అది పాలీఅమైడ్‌ను తెగ్గొడుతుంది. గుర్తు: ప్రవాహం పెరుగుతూ, ఆపే శాతం తగ్గుతూ పోవడం. కరిగించడం అయ్యాక ద్రవాన్ని 60 డిగ్రీల పైన కొన్ని గంటలు ఉంచి, పెరాక్సైడ్ పరీక్ష పట్టీ రంగు మారని స్థితికి వచ్చాకే చల్లార్చండి. పొరలోకి 45 డిగ్రీలకు మించి పంపకూడదు. దీనికి భిన్నంగా ప్రవాహం తగ్గుతూ ఒత్తిడి పెరుగుతోందంటే అది పూడిక. గ్రాఫైట్ నుసి 5 మైక్రాన్ల కార్ట్రిడ్జ్‌ను కూడా దాటి వస్తుంది, ముందు ఒక అల్ట్రాఫిల్టర్ పెట్టాలి. కాల్షియం ఉంటే చిక్కని వైపు జిప్సం గడ్డకడుతుంది. కలిపే నీరు బోరుబావిదైతే ఆ కాల్షియం మీరే తెచ్చి పోస్తున్నట్టు, డీమినరలైజ్డ్ నీరు వాడండి.

లిథియం మొత్తం రాబట్టడానికి ఒక్కసారి నడిపి వదలకండి. ట్యాంకు మట్టం తగ్గకుండా అదే పీహెచ్ ఉన్న పలుచని ఆమ్లజలాన్ని కలుపుతూ నడపాలి. లిథియం అడ్డు లేకుండా దాటుతుంటే, ట్యాంకుకు ఒక రెట్టు నీరు కలిపేసరికి 37 శాతం లోపల మిగులుతుంది. రెండు రెట్లకు 14, మూడు రెట్లకు 5 శాతం. మూడు రెట్లు దాటాక కలిపే నీటిని మళ్లీ ఆవిరి చేసే ఖర్చు వచ్చే లిథియం విలువను మింగేస్తుంది. అక్కడ ఆపి, ట్యాంకులోని నికెల్, కోబాల్ట్ ద్రవాన్ని తర్వాతి దశకు పంపండి.